ఆ ఒక్క మాట తప్ప

పనివాళ్ళ వసతి, మూడో గది
మార్చి 9

అక్కా,

ఈ చిరునామా చూసి నువ్వు కనుబొమలు ముడేస్తావని తెలుసు. ఇల్లు వదిలి తొమ్మిది రోజులైంది. దూరాల నుంచి పనికొచ్చే లిఫ్టు మెకానిక్కుల కోసం కంపెనీ ఉంచిన గది ఇది. నాలుగు ఇనప మంచాలు, ఒక కిటికీ, గోడల నిండా గ్రీజు చేతుల మరకలు. ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాను. నీ నంబరు సగం నొక్కి ఆపేశాను. కాగితం మీదైతే మధ్యలో ఆగినా ఎవరూ "ఊఁ, తర్వాత?" అనరు.

గువ్వని కొట్టాను. చేత్తో కాదు, బెల్టుతో. ఐదేళ్ళ పిల్లని.

ఆ రోజు ఒక భవనంలో బ్రేకు జారి లిఫ్టు అరంతస్తు కిందికి పడింది. లోపల ఒక ముసలావిడ ఉంది. ఆమెకేమీ కాలేదు కానీ దారంతా ఆ బ్రేకునే మనసులో విప్పి బిగిస్తూ ఇంటికొచ్చాను. మర్నాడు ఇవ్వాల్సిన తనిఖీ కాగితాలు బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పద్దెనిమిది కాగితాల మీదా ఎర్ర క్రేయాను బొమ్మలు. పెద్ద తల, పుల్లల్లాంటి కాళ్ళు. "ఇది నువ్వు నాన్నా. ఇది లిఫ్టు" అని చూపిస్తోంది.

నడుం నుంచి బెల్టు ఎప్పుడు లాగానో తెలియదు. తోలు జారే చప్పుడు మాత్రం విన్నాను. ఆ చప్పుడు నీకూ గుర్తుండే ఉంటుంది. ఒక్క దెబ్బ, పిక్క మీద. అది ఏడవలేదక్కా. గోడవైపు తిరిగి, రెండు చెవులూ మూసుకుని, మెడ భుజాల్లోకి కుదించుకుని నిలబడింది. అలా నిలబడటం దానికి ఎవరు నేర్పారు? నేను అచ్చం అలాగే నిలబడేవాణ్ణి.

నీ మరదలు దాన్ని ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపవతలి నుంచి, గొంతు పెంచకుండా, "నిన్ను వెళ్ళమని నేను అనడం లేదు. ఉండమనీ అనలేను" అంది. సంచి నేనే సర్దుకున్నాను.

ఇక ఆ ఇంటికి వెళ్ళను. మనల్ని కన్నాయన రక్తం నాలో ఉంది. ఇన్నేళ్ళూ ఎక్కడో నక్కి కూర్చుని ఇప్పుడు లేచింది. పిల్ల నాకు దూరంగా పెరగడమే దానికి మంచిది.

నువ్వు భక్తురాలివి, ఓదార్పు రాస్తావు. ఏదైనా రాయి, దేవుడు తండ్రి అని మాత్రం రాయకు. ఆ ఒక్క మాట తప్ప ఏదైనా చదువుతాను. మందిరంలో ఆయన సంఘపెద్దగా నిలబడి తేనె పూసిన గొంతుతో "తండ్రీ, తండ్రీ" అని ప్రార్థిస్తుంటే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక మనకు వినపడిందీ ఆ గొంతే. ఆ మాట చెవిన పడితే నాకిప్పటికీ పిక్కలు బిగుసుకుంటాయి.

ఆదివారం నీ దగ్గరికి రానా? ఒక్క పూట మనిషిలా కూర్చుని తినాలనుంది.

నీ తమ్ముడు


కళ్ళద్దాల దుకాణం, పై వాటా
మార్చి 13

తమ్ముడూ,

నీ ఉత్తరం దుకాణంలోనే విప్పాను. సానచక్రం మీద అద్దం అలాగే ఉండిపోయి అంచు పెచ్చులూడింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా ముఖం చూసి, "పర్లేదమ్మా, ఆ మూలలోంచి నేనేం చూడను" అన్నాడు. ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను. మేడెక్కి వచ్చాక మళ్ళీ చదివాను.

పిల్లని కొట్టావు. అది తప్పు, పెద్ద తప్పు. దాన్ని చిన్నది చేసి రాయను. కొట్టి పారిపోవడం రెండో తప్పు. గిన్నె పగిలిందని ఇల్లే వదిలిపోయినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

రక్తం అంటావు. ఆయన రక్తం నాలోనూ ఉంది. నాకు నలభై ఏళ్ళొచ్చాయి, ఇంతవరకూ ఎవరి ఒంటి మీదా చెయ్యి వేయలేదు, ఎవరినీ ఏడిపించలేదు. రక్తానికి అంత సీనేం లేదు. మనిషి తల్చుకుంటే ఆగుతాడు. మరదలికి రెండు ముక్కలు రాయి. క్షమించమని కాదు. ఎక్కడున్నావో, ఏం తింటున్నావో రాయి. గడియ పెట్టుకున్నావిడ నీ మీద దిగులు పడకుండా ఉంటుందనుకుంటున్నావా?

నువ్వు వద్దన్న మాట రాయనులే. నేను మాత్రం ఆ మాటకు ఎంత దగ్గరని.

ఆదివారం రావద్దు. ఇంటికి సున్నం వేయిస్తున్నాను, కాలు పెట్టడానికి చోటుండదు. సున్నం ఆరాక నేనే కబురు పెడతాను. వేళకు తిను. గ్రీజు చేతులతో తినకు.

అక్క


పనివాళ్ళ వసతి, మూడో గది
మార్చి 18

అక్కా,

ఆదివారం వచ్చాను. సున్నం బకెట్లు మోసిపెడదామనుకున్నాను.

మెట్ల మీద సున్నం వాసన లేదు. మందుల వాసన వచ్చింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నువ్వు "ఇంకొక్క ముద్ద, నోరు తెరువు" అంటున్నావు. పెళ్ళీ పిల్లలూ వద్దనుకున్న నీ ఇంట్లో ముద్దలు తినే పసివాళ్ళెవరా అని తల వంచి చూశాను. మంచం చివర, దుప్పట్లోంచి బయటికొచ్చిన ఒక పాదం. బొటనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంది.

మంచం కింద దాక్కున్నవాడికి మనిషి ముఖం కనిపించదక్కా, పాదాలే కనిపిస్తాయి. అవి ఎటు తిరుగుతున్నాయో చూసుకుంటూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. వెయ్యి పాదాల్లో ఆ పాదాన్ని గుర్తుపడతాను.

నీకోసం తెచ్చిన పళ్ళు మెట్టు మీద పెట్టి దిగిపోయాను.

ఎన్నాళ్ళ నుంచి? నేను గువ్వ సంగతి రాసి నీ ముందు ఒళ్ళు విప్పుకుని నిలబడితే, నువ్వు ఆయన పక్కన కూర్చుని నా ఉత్తరం చదివావు. ఆయనకూ నాకూ మధ్య నిలబడి నాకు పడాల్సిన దెబ్బలు తిన్నదానివి. నీ మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఆ చేత్తోనే ఆయనకు ముద్దలు కలుపుతున్నావు. అమ్మ పోయాక నాకు నువ్వే అమ్మవనుకున్నాను.

క్షమించేశావు కాబోలు. భక్తురాలివి కదా. నీ క్షమాపణ నీ దగ్గరే ఉంచుకో. ఇక నాకు ఉత్తరాలు రాయకు.


కళ్ళద్దాల దుకాణం, పై వాటా
మార్చి 22

తమ్ముడూ,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవకుండా చింపేస్తే నీ ఇష్టం.

ఆ పళ్ళు చూడగానే నువ్వేనని తెలిసింది. వీధి చివరిదాకా పరిగెత్తాను. నువ్వు లేవు.

ఐదు నెలలైంది. పక్షవాతం వచ్చి ఆయన రోడ్డు మీద పడిపోతే, జేబులో నా చిరునామా ఉందని ఆసుపత్రివాళ్ళు కబురు పెట్టారు. కుడివైపు పూర్తిగా పోయింది. మాట పోయింది. సంతకం పెట్టి వచ్చేద్దామని వెళ్ళాను. మంచం పక్కన నిలబడగానే ఆయన నన్ను గుర్తుపట్టి ఎడమచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు, కొడతానేమోనని. అది చూశాక వదిలి రాలేకపోయాను. క్షమించి తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నీకు చెబితే నువ్వు నాకు దూరమవుతావని దాచాను. దాచడం తప్పే.

ఇంకో అబద్ధం కూడా ఆడాను. ఎవరినీ ఏడిపించలేదని రాశాను చూడు, అది.

ఆయన్ని తెచ్చిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఖాళీ గ్లాసు చూపించాడు. దాహం. నేను వంటింట్లోకి వెళ్ళి కుండ పక్కన నిలబడి గడియారం చూస్తూ ఉండిపోయాను. నిన్ను మెట్ల కింద కొట్లో పెట్టి తలుపేసి, నువ్వు నీళ్ళడిగితే ఆయన "గంట ఆగు" అనేవాడు. ఆ గంట. అవతలి గదిలో గ్లాసును మంచం పట్టెకు కొడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. ఆ చప్పుడు నాకు తియ్యగా ఉంది, తమ్ముడూ. ఇది రాయకపోతే ఈ ఉత్తరం మొత్తం అబద్ధమే అవుతుంది.

చప్పుడు ఆగిపోయింది. అప్పుడు నా మీద నాకే భయం వేసింది. గచ్చు మీద కూలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే ఎలా మొదలుపెట్టను? ప్రభువు నేర్పిన ప్రార్థనలో మొదటి పిలుపు నువ్వు వద్దన్న మాటే, దాన్ని ముప్పై ఏళ్ళుగా నేను పలకలేదు. అందరూ అంటుంటే ఉత్త పెదవులు కదిపి, తర్వాతి మాట నుంచి అందుకుంటాను. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు. పాటలు పాడాను, ఉపవాసాలున్నాను, తెల్లవారకముందే లేచి మోకరించాను. ఇదంతా ఒక యజమాని దగ్గర పనిచేసినట్టే చేశాను. తప్పు పడితే పట్టుకుంటాడని. ఆ మధ్యాహ్నం పట్టుబడ్డాను. కళ్ళు మూసుకుని, మెడ కుదించుకుని దెబ్బ కోసం ఎదురుచూశాను. పడాల్సిందేనని నాకూ అనిపించింది.

పడలేదు.

మన చిన్నప్పుడు పక్కింటాయన పని నుంచి రాగానే కూతుర్ని "ఏమ్మా, తిన్నావా తల్లీ" అని పిలిచేవాడు. కన్న కూతుర్ని అమ్మా అని పిలవడం నాకు వింతగా ఉండేది. ఆ పిలుపు కోసం కిటికీ దగ్గర నిలబడేదాన్ని, నన్ను కాకపోయినా వినడానికి. వంటింటి గచ్చు మీద ఆ పిలుపు నాకు వచ్చింది. చెవితో వినలేదు. నాకు గొంతులేమీ వినపడవు, తల సరిగ్గానే ఉంది. కానీ నా ఎదుట ఉన్నది కోపం కాదని, నా అలసట తెలిసిన మనసని, ఈ కాగితం ఎంత నిజమో అంత నిజంగా తెలిసింది. "అలసిపోయావు తల్లీ. ముందు ఆయనకు నీళ్ళివ్వు. తర్వాత నా దగ్గరికి రా." చేసింది తప్పు కాదని అనలేదు. నన్ను పొమ్మనీ అనలేదు.

నీళ్ళు ఇచ్చాను. తిరిగొచ్చి, వంటింటి తలుపు వేసుకుని, "నాన్నా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినట్టే లేదు. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

నువ్వు వద్దన్న మాట రాసేశాను, క్షమించు. మన ఇంట్లో ఒకాయన ఆ మాటను పాడుచేశాడు. కానీ ఆ మాట ఆయన సొత్తు కాదురా. ఎత్తుకొచ్చి వాడుకున్నాడు అంతే. అసలు హక్కుదారు వేరే ఉన్నాడు.

అక్క


పిల్లల ఆసుపత్రి వరండా
ఏప్రిల్ 2, ఉదయం

అక్కా,

గువ్వకు మూడు రోజులుగా జ్వరం. తెల్లారి నుంచి వాంతులు. మెడ వంచలేకపోతోంది, వెలుతురు చూస్తే అరుస్తోంది. నీ మరదలు కబురు పెడితే పరిగెత్తుకొచ్చాను. మెదడు పొరలకు సోకిందేమోనంటున్నారు. వెన్నులోంచి నీరు తీసి చూడాలట.

నీ ఉత్తరం చింపలేదు. జేబులో ఉంది. ఈ చీటీ మా కంపెనీ వ్యాను డ్రైవరుకిస్తున్నాను, మీ వీధి మీదుగానే వెళ్తాడు. నువ్వు ప్రార్థన చెయ్యి. నాకు చేతకాదు.


కళ్ళద్దాల దుకాణం
ఏప్రిల్ 2, మధ్యాహ్నం

తమ్ముడూ,

డ్రైవరును నిలబెట్టి రాస్తున్నాను. దుకాణం మూసేశాను. పక్కింటావిడ సాయంత్రం ఆయన దగ్గర కూర్చుంటానంది, ఆమె రాగానే బయల్దేరతాను. ఈలోగా నా మోకాళ్ళు ఇక్కడ నేల మీదే ఉంటాయి.

చేతకాకపోతే మాటలు వెతుక్కోకు. దాని పక్కనుంచి మాత్రం కదలకు. మరదలు తిట్టినా కదలకు.

అక్క


పిల్లల ఆసుపత్రి, పదకొండో మంచం పక్కన
ఏప్రిల్ 9

అక్కా,

ఆ సాయంత్రం నువ్వొచ్చేసరికి వెన్నులోంచి నీరు తీయడం అయిపోయింది. వరండాలో నన్ను పట్టుకుని కూర్చున్నావు కానీ ఏం జరిగిందని అడగలేదు. ఇప్పుడు రాస్తాను.

నర్సు వచ్చి, "పాపను గట్టిగా పట్టుకునేవాళ్ళు కావాలి. మోకాళ్ళు పొట్టకు ఆనించి విల్లులా వంచి పట్టుకోవాలి. కదిలితే సూది తప్పుతుంది" అంది. నేను వెనక్కి జరిగాను. "నేను కాదు, వాళ్ళమ్మ" అన్నాను. నా చేతులు దాని ఒంటి మీద పడి ముప్పై మూడు రోజులైంది. చివరిసారి పడింది దేనికో నీకు తెలుసు.

నీ మరదలు నా వైపు తిరిగింది. నెల తర్వాత ఆమె నా కళ్ళల్లోకి చూడటం అదే మొదలు. "నాకంత బలం లేదు. నీకుంది. పట్టుకో" అంది.

పట్టుకున్నాను. దాని మోకాళ్ళ కింద ఒక చెయ్యి, మెడ వెనక ఒక చెయ్యి. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. సూది దిగగానే కేక వేసింది. "నాన్నా వద్దు, నాన్నా వదులు." వదల్లేదు. వదిలితే అది దక్కదు. అది గింజుకునేకొద్దీ నేను బిగించాను. డాక్టరు "ఇంకొంచెం, నీరు రావడం లేదు" అని సూది తీసి మళ్ళీ గుచ్చాడు. అప్పుడది ఏం చేసిందో తెలుసా అక్కా? తనని కదలనివ్వని నా మెడలోకే ముఖం దూర్చేసింది. నా చొక్కా పళ్ళతో పట్టుకుంది. నా చేతుల్లోంచి విడిపించమని నన్నే పిలుస్తోంది. నేను వదలకపోయినా నాలోకే దూరుతోంది.

నాకు నోట్లోంచి ఒక మాట వచ్చింది. "నాన్నా."

దానితో అన్నాననుకుంది నర్సు. కాదు. నీ ఇంట్లో మంచం మీదున్న ఆయనతోనూ కాదు. ఎవరితో అన్నానో నాకు తెలుసు. చేతులు రెండూ దాని చుట్టూ ఉన్నాయి, జోడించడానికి ఖాళీ లేదు. "నాన్నా, నాన్నా" అంటూ ఉండిపోయాను, వేరే మాటే లేదు. పిక్కలు బిగుసుకోలేదు. ఆ క్షణంలో నాకొకటి అర్థమైంది. దాని నొప్పి నాకు దానికంటే ఎక్కువగా తెలుస్తోంది. వదలకపోవడం కోపం కాదని నా చేతులకు తెలుసు, దానికి తెలియదు. ఇన్నాళ్ళూ నేను దేవుడి చేతులను బెల్టు పట్టుకున్న చేతులనే అనుకున్నాను. కాదేమో. మంచం కింద నేను ఊపిరి బిగబట్టిన రోజుల్లో ఎవరి గుండె ఇలా కొట్టుకుందో.

మరి అప్పుడు దేవుడు ఎందుకు ఆపలేదు అంటావా? తెలియదు. ఈ ప్రశ్న వదులుకోను, నీకు ముందే చెబుతున్నా. అడుగుతూనే ఉంటాను. ఇదివరకు ఎవర్ని అడగాలో తెలిసేది కాదు.

మెదడు పొరలకు సోకిన మాట నిజమేనట, కానీ తొందరగా పట్టుకున్నామన్నారు. మూడు వారాలు సూదులు. ఐదో రోజు జ్వరం దిగింది. నిన్న గంజి తాగి గిన్నె నేల మీదికి విసిరింది. నర్సు "ఇక ఫర్వాలేదు, చేతికి బలం వచ్చింది" అంది. చెవులు మాత్రం తర్వాత పరీక్షించాలట. ఈ జబ్బు ఒక్కోసారి వినికిడి తీసుకుపోతుందట.

ఇంటి మాట నీ మరదలూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తమ్ముడు


కళ్ళద్దాల దుకాణం, పై వాటా
ఏప్రిల్ 14

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి ఆయన మంచం పక్కన పైకే చదివాను. నీ అనుమతి లేకుండా చదివాను, కోప్పడితే కోప్పడు. బెల్టు మాట దగ్గర ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. భుజం కదిలింది. ఏడుపో, దగ్గో చెప్పలేను. లేనిది రాసి నిన్ను మెత్తబరచను. ఆయన్ని చూడటానికి రమ్మని కూడా అడగను. నువ్వు రాకపోతే నా ప్రేమేమీ తగ్గదు.

ఇక అక్కగా ఒక మాట. దేవుడితో మాట్లాడావు, సంతోషం. నా సంతోషం ఈ కాగితంలో పట్టదు. కానీ దెబ్బ తిన్నది దేవుడు కాదు, గువ్వ. దానితో మాట్లాడావా?

మన ఇంట్లో కూడా ప్రార్థనలకు కొదవలేదు, గుర్తుందా? కన్నీళ్ళతో పశ్చాత్తాపపడేవాడు, మందిరంలో. మనతో ఒక్కనాడూ "తప్పు చేశాను" అనలేదు. దేవుడితో రాజీపడ్డాను కదా, పిల్లలతో ఏముందిలే అనుకున్నాడు. నువ్వు ఆ దారి తొక్కకు. మాటలు పెద్దవి వద్దు, అది ఐదేళ్ళ పిల్ల. దానికి అర్థమయ్యేట్టు చెప్పు. అది ఏమన్నా పడు.

చెవుల పరీక్ష ఎప్పుడో రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

అక్క


ఇల్లు
మే 6

అక్కా,

నువ్వన్నది నన్ను పొడిచింది. రెండు రోజులు నీ మీద మండిపడి, మూడోరోజు ఆసుపత్రిలో దాని మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడే మా ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తులో ఉన్నాయి. నీ మరదలు దుప్పటి మడతపెడుతూ ఆగిపోయింది.

"గువ్వా, ఆ రోజు నిన్ను కొట్టాను. నీ తప్పేం లేదు. తప్పు నాది" అన్నాను.

కాలు చాపి పిక్క చూపించింది. "నొప్పేసింది" అంది.

"అవును."

"బొమ్మలు బాగా వేశాను."

"బాగా వేశావు. ఇక కొట్టను. కోపం వస్తే బయటికి వెళ్ళిపోతాను."

దాని ముఖం మారిపోయింది. కొట్టిన సంగతి మాట్లాడుతున్నప్పుడు కూడా అలా మారలేదు. నా చొక్కా పట్టుకుంది. "ఎన్ని రోజులు?" అంది.

అక్కా, నేను దెబ్బ ఒక్కటే లెక్కపెట్టుకున్నాను. అది ముప్పై మూడు రోజులు లెక్కపెట్టుకుంది. దాన్ని కాపాడాలని వెళ్ళాననుకున్నాను. తను చెడ్డపిల్ల కాబట్టి వెళ్ళిపోయానని అదనుకుంది. ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాను. "రోజులు కాదమ్మా. మెట్ల దాకానే" అన్నాను. అమ్మా అన్నానని నాకు తర్వాత తెలిసింది.

నీ మరదలు దుప్పటి మడత పూర్తిచేసి, "మెట్లు మనింటికే ఉన్నాయి. ఇంటికి రా" అంది. అంతే. అంతకంటే ఏమీ అనలేదు. ఇప్పటికీ నేను గొంతు పెంచితే ఆమె చెయ్యి గువ్వ వైపు వెళ్తుంది. వెళ్ళనీ. ఆ చెయ్యి దిగడానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు.

చెవులు పరీక్షించారు. కుడి చెవి బాగుంది. ఎడమది కాస్త మందం, ఆరు నెలలాగి మళ్ళీ చూస్తామన్నారు.

ఆయన దగ్గరికి ఇప్పుడే రాలేను. నువ్వు ఒక్కదానివే మోయక్కర్లేదు, ఆదివారాలు కింద దుకాణంలో కూర్చుని నీ బేరాలు చూసుకుంటాను. మేడ మీదికి రమ్మనకు.

ఇది రాయాలనే కాగితం తీశాను. నిన్న మధ్యాహ్నం మోటారు విప్పి, మరలన్నీ వరసగా గుడ్డ మీద పేర్చుకున్నాను. గువ్వ పరిగెత్తుకొచ్చి కాలు తగిలించింది. అన్నీ గది నాలుగు మూలలకూ పోయాయి. లోపల ఆ మంట లేచింది అక్కా. పోలేదది, ఉంది. లేచి మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

లోపలి నుంచి వినపడింది. "నాన్నా, ఉన్నావా?"

"ఉన్నాను."

కాసేపాగి మళ్ళీ, "నాన్నా, ఉన్నావా?" మొదటిది వినపడలేదేమో, ఎడమ చెవి ఇటు పెట్టిందేమోనని గట్టిగా చెప్పాను. "ఉన్నాను గువ్వా."

"వినపడింది" అంది. ఇంకాసేపాగి, "ఉన్నావా?"

ఎన్నిసార్లు అడిగిందో గుర్తులేదు. మొదట్లో పళ్ళ బిగువున జవాబిచ్చాను. తర్వాత్తర్వాత అది అడగడం ఆపేస్తుందేమోనని ఎదురుచూశాను. లోపలికి వెళ్ళేసరికి గడప అవతల కూర్చుని, దొరికిన మరలన్నీ గౌను ఒళ్ళో పోసుకుని ఉంది.

అది నిద్రపోయాక నేను మళ్ళీ ఆ మెట్ల మీదే కూర్చున్నాను. ప్రార్థన ఎలా చేయాలో నాకింకా రాదు. దాని దగ్గర నేర్చుకున్నదే అడిగాను. "నాన్నా, ఉన్నావా?" అని. ఎన్నిసార్లు అడిగానో నీకు చెప్పను, నవ్వుతావు. అవతల ఉన్నవాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదక్కా.

నీ తమ్ముడు